ఎక్స్ఛేంజ్ అయింది, తాళాలు రాలేదు: ఈలోగా ఇల్లు పాడైతే ఏం చేయాలి

డిసెంబర్ రెండో వారం. ఇంగ్లండ్‌లో మేం కొంటున్న ఇంటికి ఎక్స్ఛేంజ్, అంటే కాంట్రాక్టులు మార్చుకోవడం, అయిపోయింది. కంప్లీషన్‌కి, అంటే మిగతా డబ్బు కట్టి తాళాలు తీసుకునే రోజుకి, ఇంకా నాలుగు రోజులుంది. కర్టెన్ల కొలతలు తీసుకుందామని ఎస్టేట్ ఏజెంట్‌ని అడిగి మేమిద్దరం ఆ ఇంటికి వెళ్లాం. తలుపు తీయగానే తడిసిన గోనెసంచి వాసన. హాల్లో సీలింగ్ మధ్యలో పొట్టలా ఉబ్బి వేలాడుతోంది. దాని అంచు నుంచి చుక్క చుక్కగా నీళ్లు కారుతున్నాయి. కార్పెట్ మీద కాలు పెడితే బూటు చుట్టూ నీళ్లు పైకొచ్చాయి. పెద్దావిడ పోయాక ఏడు నెలలుగా ఖాళీగా ఉన్న ఇల్లది. గ్యాస్ బిల్లు దండగని వారసులు హీటింగ్ పూర్తిగా ఆపేశారు. చలికి లాఫ్ట్‌లో (ఇంటికప్పు కింది అటకలో) పైపు గడ్డకట్టి పగిలింది.

"మనం ఇంకా కొనలేదుగా, వద్దని చెప్పేద్దాం" అంది మా ఆవిడ. నేనూ అదే అనుకుంటూ మా సొలిసిటర్‌కి, అంటే కొనుగోలు పత్రాలు చూసే లాయర్‌కి, ఫోన్ చేశాను. ఆ లాయరమ్మ అడిగిన మొదటి ప్రశ్న: "మీ బిల్డింగ్స్ ఇన్సూరెన్స్ ఏ తేదీ నుంచి మొదలైంది?"

ఆ ప్రశ్న ఎందుకడిగారో తెలిస్తే సగం సంగతి తెలిసినట్టే. ఇక్కడ రాస్తున్నదంతా ఇంగ్లండ్, వేల్స్‌లో కొనేవాళ్ల కోసం. స్కాట్లాండ్ పద్ధతి వేరు, అక్కడ కొంటుంటే అక్కడి సొలిసిటర్‌నే అడగండి.

ముందు రిస్క్ ఎవరిదో తెలుసుకోండి

మనకి అలవాటైన లెక్క ఇది: అగ్రిమెంట్ రాసుకుని అడ్వాన్స్ ఇచ్చినా, రిజిస్ట్రేషన్ అయ్యేదాకా ఇల్లు అమ్మేవాళ్లదే. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షన్ ప్రకారం అమ్మకపు అగ్రిమెంట్ ఒక్కటే కొనేవాళ్లకి ఆ ఆస్తిలో హక్కు ఇవ్వదు. 55వ సెక్షన్ ప్రకారం, వేరేలా రాసుకుంటే తప్ప, నష్టం కొనేవాళ్ల నెత్తిన పడేది యాజమాన్యం మారాకే. విజయవాడలోనో వరంగల్‌లోనో ఇల్లు కొన్న అనుభవంతో రెడింగ్‌లోనో మిల్టన్ కీన్స్‌లోనో కొనడానికి దిగితే, సరిగ్గా ఇక్కడే బోల్తా పడతాం.

ఇంగ్లండ్‌లో ఎక్స్ఛేంజ్ రోజున ఇద్దరి సొలిసిటర్లు సంతకాలు చేసిన కాంట్రాక్టులు మార్చుకుంటారు. మామూలుగా ధరలో 10 శాతం డిపాజిట్ వెళ్తుంది. ఆ క్షణం నుంచి ఇద్దరూ కట్టుబడినట్టే. మిగతా డబ్బు, తాళాలు కంప్లీషన్ రోజున. ఈ రెండింటి మధ్య ఒకటి నుంచి నాలుగు వారాలు ఉండటం మామూలు. ఆ వారాల్లో ఇంటి మీద రిస్క్ కొనేవాళ్లదే. తాళి కట్టకముందే కాపురం ఖర్చులు మన మీద పడ్డట్టు.

ఇది కొత్తగా వచ్చిన రూలేం కాదు. 1801లో పెయిన్ వర్సెస్ మెల్లర్ కేసులో ఒప్పందం అయ్యాక ఇళ్లు కాలిపోతే, కొనేవాడు డబ్బు కట్టాల్సిందేనన్నారు లార్డ్ ఎల్డన్. 1881లో రేనర్ వర్సెస్ ప్రెస్టన్ కేసు ఇంకా ఘోరం. మధ్యలో మంటలొచ్చాయి. అమ్మినవాళ్లకి ఇన్సూరెన్స్ డబ్బూ వచ్చింది, ఇంటి ధరా వచ్చింది. ఆ ఇన్సూరెన్స్ డబ్బు నాకివ్వండని అడిగిన కొన్నవాడు కోర్టులో ఓడిపోయాడు. ఈ అన్యాయాన్ని సరిచేయడానికే 1925 నాటి లా ఆఫ్ ప్రాపర్టీ యాక్ట్‌లో 47వ సెక్షన్ పెట్టారు. కానీ ఇప్పుడు ఇళ్ల అమ్మకాల్లో దాదాపు అందరూ వాడే నమూనా నిబంధనల పత్రం, స్టాండర్డ్ కండిషన్స్ ఆఫ్ సేల్, ఆ సెక్షన్ వర్తించదని రాసేసింది.

అదే స్టాండర్డ్ కండిషన్స్ 4వ ఎడిషన్‌లో కంప్లీషన్ దాకా రిస్క్ అమ్మేవాళ్లది. 2011లో వచ్చిన 5వ ఎడిషన్ దాన్ని తిప్పేసింది. 5.1.1 నిబంధన ప్రకారం కాంట్రాక్టు తేదీ నుంచి రిస్క్ కొనేవాళ్లది. కొన్ని పక్షాలు అమ్మేవాళ్ల దగ్గరే రిస్క్ ఉంచేలా స్పెషల్ కండిషన్ రాసుకుంటాయి. బిల్డర్ దగ్గర కొత్త ఇల్లు కొంటే సాధారణంగా కంప్లీషన్ దాకా బిల్డర్‌దే. అందుకే "అందరికీ ఇంతే" అని ఫ్రెండ్స్ చెప్పింది వినకుండా, మీ సొలిసిటర్‌కి ఒక్క లైన్ ఈమెయిల్ పెట్టండి: మా కాంట్రాక్టులో ఎక్స్ఛేంజ్ నుంచి కంప్లీషన్ దాకా రిస్క్ ఎవరిది? జవాబు రాతలో తెప్పించుకోండి.

వేలంలో కొనేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. మామూలు వేలంలో సుత్తి కొట్టిన క్షణమే ఎక్స్ఛేంజ్. హాల్లోంచి బయటికొచ్చి కాఫీ తాగేలోపే ఇన్సూరెన్స్ ఉండాలి.

ఎక్స్ఛేంజ్‌కి ముందు చేసేవి

అసలు పనంతా ఇక్కడే. తర్వాత చేసేది చాలావరకు ఈ దశలో వదిలేసినదాన్ని సరిదిద్దుకోవడమే.

ఇన్సూరెన్స్ ఎక్స్ఛేంజ్ తేదీ నుంచి మొదలవ్వాలి. కంప్లీషన్ తేదీ నుంచి కాదు. నేను మొదట కంపారిజన్ సైట్‌లో కంప్లీషన్ తేదీయే వేశాను, ఆ ఫారం అడిగేది "మీరు ఎప్పుడు మారుతున్నారు" అనే కదా. ఎక్స్ఛేంజ్‌కి రెండు రోజుల ముందు సొలిసిటర్ ఆఫీసు నుంచి పాలసీ సర్టిఫికెట్ అడుగుతూ ఈమెయిల్ వస్తే అప్పుడు మార్చాను. అదనంగా పడింది 14 పౌండ్లు.

ఇన్సూరెన్స్ చేయాల్సింది కొన్న ధరకి కాదు, ఇల్లు మళ్లీ కట్టడానికయ్యే ఖర్చుకి. సర్వే రిపోర్టులోనో మార్ట్‌గేజ్ వాల్యుయేషన్‌లోనో ఆ అంకె సాధారణంగా ఉంటుంది. స్థలం విలువ అందులో కలవదు కాబట్టి లండన్ చుట్టుపక్కల అది కొన్న ధరకంటే బాగా తక్కువ ఉంటుంది, కంగారు పడకండి.

ఫోన్‌లో ఇన్సూరెన్స్ వాళ్లకి మూడు విషయాలు స్పష్టంగా చెప్పండి. కంప్లీషన్ దాకా మీరు అందులో ఉండరని. ఇప్పుడు ఎవరైనా ఉంటున్నారా, ఖాళీగా ఉందా అని. సర్వేలో కుంగుబాటు, వరద, ఫ్లాట్ రూఫ్ లాంటివి వచ్చాయా అని. అడిగినదానికి అజాగ్రత్తగా తప్పు చెబితే క్లెయిమ్ కోసేయడానికి 2012 చట్టం వాళ్లకి వీలిస్తుంది. చాలా పాలసీల్లో ఇల్లు 30 రోజులు, కొన్నింట్లో 60 రోజులు దాటి ఖాళీగా ఉంటే నీటి లీకేజీ, దొంగతనం కవర్ ఆగిపోతుంది.

నేను దెబ్బతిన్నది ఇక్కడే. ఇల్లు ఖాళీగా ఉందని నిజమే చెప్పాను. వాళ్లు పాలసీ ఇచ్చారు. దాంతోపాటు ఒక షరతు కూడా పెట్టారు: నవంబర్ నుంచి మార్చి దాకా హీటింగ్ 12 డిగ్రీలకి తగ్గకుండా నడపాలి, లేదా స్టాప్‌కాక్ (ఇంట్లోకి వచ్చే నీళ్లని ఆపే టాప్) కట్టేసి పైపుల్లో నీళ్లు ఖాళీ చేయాలి. చదివాను, సరేననుకున్నాను. తాళాలు నా దగ్గర లేని ఇంట్లో హీటింగ్ నేనెలా నడుపుతాను అన్న ఆలోచనే రాలేదు. పాలసీ నాది, థర్మోస్టాట్ వాళ్లది.

కాబట్టి ఇల్లు ఖాళీగా ఉంటే మీ పాలసీలో ఉన్న షరతునే అమ్మేవాళ్ల మీద కాంట్రాక్టులో పెట్టించండి. స్పెషల్ కండిషన్‌గా రెండు లైన్లు చాలు: కంప్లీషన్ దాకా హీటింగ్ ఇంతకి తగ్గకుండా ఉంచాలి లేదా నీళ్లు కట్టేసి ఖాళీ చేయాలి, వారానికోసారి ఎవరైనా వెళ్లి చూడాలి. ఇంకోటి కూడా అడగొచ్చు: అమ్మేవాళ్ల పాలసీని కంప్లీషన్ దాకా ఆపకూడదని. మార్ట్‌గేజ్ ఉన్నవాళ్లు ఎలాగూ ఆపరు. ప్రొబేట్ ఇళ్లలో, అంటే యజమాని పోయాక వారసులు అమ్మే ఇళ్లలో, మాత్రం ఎవరో ఒకరు డైరెక్ట్ డెబిట్ ఆపేసి ఉంటారు.

ఫ్లాట్ కొంటే బిల్డింగ్ ఇన్సూరెన్స్ సాధారణంగా ఫ్రీహోల్డర్ (భవనం, స్థలం అసలు యజమాని) తీసుకుంటాడు. మీరు వేరే తీసుకోనక్కర్లేదు. కానీ ఆ పాలసీ కాపీ, ప్రీమియం కట్టిన రుజువు మీ సొలిసిటర్ ఫైల్లో ఉండాలి.

ఎక్స్ఛేంజ్‌కి ముందు రోజో రెండ్రోజులకో ఇంకోసారి ఇల్లు చూడండి. ఫోన్‌లో ఆపకుండా ఒకే వీడియో తీయండి: ప్రతి గది సీలింగ్, కిటికీల మూలలు, సింక్ కింద, బాయిలర్ ప్రెషర్ గేజ్, లాఫ్ట్ తలుపు తీస్తే కనిపించేదంతా, వెనక ఫెన్స్. స్టాండర్డ్ కండిషన్స్ ప్రకారం కాంట్రాక్టు తేదీన ఇల్లు ఏ స్థితిలో ఉందో ఆ స్థితిలోనే మీరు ఒప్పుకున్నట్టు. ఆ రోజు ఎలా ఉందో రుజువు లేకపోతే, మరక పాతదా కొత్తదా అన్న వాదన ఎప్పటికీ తేలదు.

వీలైతే మధ్య రోజులే తగ్గించండి. ఖాళీ ఇల్లు, చైన్ (ఒకదాని మీద ఒకటి ఆధారపడ్డ అమ్మకాల వరుస) లేదు, శీతాకాలం: ఈ మూడూ కలిస్తే వారం చాలు. మేం క్రిస్మస్ సెలవులు కలిసొస్తాయని మూడు వారాలు పెట్టుకున్నాం.

మధ్య రోజుల్లో

వాతావరణ హెచ్చరిక వచ్చినప్పుడల్లా ఏజెంట్‌కి ఒక మెసేజ్ పెట్టండి, మొహమాటం వద్దు. 2018 ఫిబ్రవరి, మార్చి నెలల్లో వచ్చిన "బీస్ట్ ఫ్రమ్ ది ఈస్ట్" చలికి దేశమంతా పైపులు పగిలాయి. 2022 ఫిబ్రవరి 18న యూనిస్ తుఫానుకి ఐల్ ఆఫ్ వైట్ దగ్గర గాలి గంటకి 122 మైళ్లు తాకింది. అలాంటి రాత్రి తర్వాత పెంకులు, ఫెన్స్ ఎలా ఉన్నాయో బయట నుంచైనా చూసి రావాలి. కంప్లీషన్‌కి మూడు నాలుగు రోజుల ముందు లోపలికి వెళ్లి చూడటం తప్పనిసరి. ముందు రోజు చూస్తే బేరానికి టైం ఉండదు.

నష్టం కనిపిస్తే మొదటి రెండు గంటలు

ముందు నీళ్లు. స్టాప్‌కాక్ చాలా ఇళ్లలో కిచెన్ సింక్ కింద ఉంటుంది, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే కట్టుకుంటుంది. మా ఏజెంట్ కుర్రాడికి అది ఎక్కడుందో తెలీదు. మోకాళ్ల మీద కూర్చుని పాత డిటర్జెంట్ డబ్బాలు తీసి చూస్తే, పైపు మీద ఆకుపచ్చ తుప్పు పట్టిన ఇత్తడి టాప్ కనిపించింది. చేత్తో కదల్లేదు. కోటు అంచు చుట్టి తిప్పితే అరచేయి ఎర్రబడింది కానీ తిరిగింది. తడి సీలింగ్ కింద నిలబడకండి, తడిసిన చోట స్విచ్‌లు ముట్టుకోకండి.

అక్కడున్నంతసేపూ అది ఇంకా మీ ఇల్లు కాదు. నీళ్లు కట్టేయడం లాంటి అత్యవసరం దాటి ఏమీ చేయకండి. తడి కార్పెట్ లాగేయడం, ప్లంబర్‌ని పిలిపించడం అమ్మేవాళ్ల అనుమతి ఈమెయిల్‌లో వచ్చాకే. "తాళాలిస్తాం, మీరే ముందుగా దిగి బాగు చేసుకోండి" అని వాళ్లంటే సంతోషపడి ఒప్పుకోవద్దు. కంప్లీషన్‌కి ముందు లోపలికి దిగాలంటే రాత ఒప్పందం కావాలి, స్టాంప్ డ్యూటీ గడువు కూడా ముందుకు జరిగే ప్రమాదం ఉంది.

ఫొటోలు, వీడియో తీయండి: దూరం నుంచి ఒకటి, దగ్గర నుంచి ఒకటి, థర్మోస్టాట్ మీద అంకె, బాయిలర్ డిస్‌ప్లే. మాకు చివరికి పనికొచ్చింది ఆ థర్మోస్టాట్ ఫొటోనే. ఆఫ్‌లో ఉంది.

తర్వాత ఫోన్లు, ఈ వరుసలో: సొలిసిటర్, ఇన్సూరెన్స్, మార్ట్‌గేజ్ బ్రోకర్. ప్రతి ఫోన్ తర్వాత మాట్లాడింది రెండు లైన్లలో ఈమెయిల్ చేయండి. బ్యాంకుకి చెప్పకుండా గుట్టుగా ముగించాలనుకోవద్దు. మీ సొలిసిటరే చాలాసార్లు బ్యాంకు తరఫున కూడా పనిచేస్తుంటారు, ఇంటి విలువని తగ్గించే సంగతి తెలిస్తే వాళ్లు చెప్పి తీరాలి. మళ్లీ వాల్యుయేషన్ అడగొచ్చు. మార్ట్‌గేజ్ ఆఫర్ గడువు తేదీ చూసి పెట్టుకోండి.

కారణం ఎవరిది

రిస్క్ మీదంటే అమ్మేవాళ్లు కాళ్లు చాపుకుని కూర్చోవచ్చని కాదు. ఎక్స్ఛేంజ్ నుంచి కంప్లీషన్ దాకా వాళ్లు ఆ ఇంటిని తగిన జాగ్రత్తతో చూసుకోవాలి. 1891లో క్లార్క్ వర్సెస్ రాముజ్ కేసులో ఎవడో పరాయివాడు స్థలంలోంచి పైమట్టి బండ్లకొద్దీ తవ్వుకుపోతే, చూసుకోని అమ్మకందారు కొన్నవాడికి నష్టం కట్టాడు. 1981లో నీళ్లు కట్టేయకుండా ఇల్లు ఖాళీ చేసి వెళితే పైపులు పగిలిన కేసులోనూ అమ్మినవాళ్లదే తప్పన్నారు.

కాబట్టి నష్టం ఏ రకమో తేల్చాలి. తుఫాను, మెరుపు, పక్కింటి మంట లాంటిదైతే మీ పాలసీయే దిక్కు. శీతాకాలంలో హీటింగ్ ఆపేసి, నీళ్లు కట్టకుండా వదిలేయడం లాంటిదైతే వాళ్ల నిర్లక్ష్యం. సామాను దించేటప్పుడు గోడకి గొయ్యి పెట్టడం, ఇంటితోపాటు ఇస్తామని ఫిట్టింగ్స్ ఫారంలో రాసిన వంట పొయ్యి పట్టుకుపోవడం కాంట్రాక్టు ఉల్లంఘన, దాని సంగతి చివర్లో చెప్తాను.

మా కేసులో ఇన్సూరెన్స్ కంపెనీ హీటింగ్ షరతు పాటించలేదని నీటి నష్టం తిరస్కరించింది. వాళ్ల ఉత్తరం చూసి రాత్రంతా నిద్రలేదు. పొద్దున సొలిసిటర్ మాత్రం ఆ ఉత్తరాన్నే అవతలి వాళ్లకి పంపింది: మీరు హీటింగ్ ఆపేశారు కాబట్టే ఇది జరిగిందని ఇన్సూరెన్స్ కంపెనీయే రాతలో చెబుతోంది, చూడండి అని.

బేరం

ముందు ఒక అంకె కావాలి. రెండు చోట్ల నుంచి రిపేర్ ఎస్టిమేట్ తెప్పించండి, అందులో ఆరబెట్టే ఖర్చు విడిగా రాయించండి. తడి గోడ ఆరకుండా ప్లాస్టర్ వేస్తే తర్వాత బూజు పట్టొచ్చు.

ధర తగ్గించమని అడగొచ్చు. తేలిగ్గా కనిపించే దారి, కానీ మార్ట్‌గేజ్ ఉంటే కొత్త ధర బ్యాంకుకి చెప్పాలి, ఆఫర్ మళ్లీ తీయాల్సి రావొచ్చు. అమ్మేవాళ్లే బాగు చేసి ఇస్తామనొచ్చు. ఇది నాకు నచ్చదు, వెళ్లిపోయేవాళ్లు పెట్టించే ప్లాస్టరర్ చవకైనవాడే అయ్యుంటాడు.

నా మట్టుకు మంచిది రిటెన్షన్. ధరలో కొంత భాగాన్ని కంప్లీషన్ తర్వాత కూడా ఒక సొలిసిటర్ దగ్గరే ఉంచి, రిపేర్ బిల్లులు చూపించాక తేల్చుకోవడం. ఎంత, దేనికి, ఎవరి బిల్లు, ఎప్పటిలోగా, మిగిలితే ఎవరికి అన్నవన్నీ రాతలో ఉండాలి. మేం 5,000 పౌండ్లు ఉంచమన్నాం. వాళ్లు 2,000 అన్నారు. కంప్లీషన్‌ని ఇద్దరి ఒప్పుదలతో పది రోజులు జరిపాం, చివరికి 4,500 దగ్గర తెగింది. బ్యాంకుకి చెప్పాం, ఒప్పుకుంది. ఫిబ్రవరిలో పని అయ్యాక 380 మిగిలితే వాళ్లకి వెళ్లాయి.

ఈ బేరమంతా సొలిసిటర్ల ద్వారానే. ఏజెంట్ అక్కడివి ఇక్కడ, ఇక్కడివి అక్కడ మోస్తాడు, కానీ ఆయన కమిషన్ ఇచ్చేది అమ్మేవాళ్లు.

డబ్బు కట్టకుండా ఆపొచ్చా

కోపంలో అందరికీ వచ్చే మొదటి ఆలోచన ఇదే. ఇల్లు పాడైందన్నంత మాత్రాన కంప్లీషన్ ఆపే హక్కు రాదు. తేదీ దాటితే స్టాండర్డ్ కండిషన్స్ కింద వడ్డీ మొదలవుతుంది. మామూలుగా అది లా సొసైటీ (సొలిసిటర్ల సంఘం) రేటు, అంటే బార్‌క్లేస్ బేస్ రేటుకి 4 శాతం పైన. మూడున్నర లక్షల పౌండ్ల ఇంటికి డిపాజిట్ పోను 3,15,000 బాకీ ఉంటే, బేస్ రేటు 4 శాతం అనుకుంటే రోజుకి దాదాపు 69 పౌండ్లు. తర్వాత డబ్బు కట్టి ముగించమని నోటీస్ టు కంప్లీట్ వస్తుంది, 10 వర్కింగ్ డేస్ గడువు. అదీ దాటితే డిపాజిట్ 35,000 పోవచ్చు, మళ్లీ అమ్మడంలో వచ్చిన నష్టం కూడా అడగొచ్చు. మీరు చైన్‌లో ఉంటే మీ ఇల్లు కొంటున్నవాళ్లకి మీరు జవాబుదారీ. ఇల్లు పూర్తిగా నేలమట్టమైన సందర్భం వేరు, అప్పుడు బారిస్టర్ సలహా లేకుండా ఒక్క ఈమెయిల్ కూడా పంపకండి.

అందుకని చాలాసార్లు సరైన దారి: నష్టం విషయంలో మా హక్కులు వదులుకోవడం లేదని సొలిసిటర్ చేత రాయించి, గడువులో కంప్లీట్ చేసి, తర్వాత క్లెయిమ్ చేయడం.

ఇన్సూరెన్స్ కాదంటే

రెండు పక్షాలకీ పాలసీ ఉండి, వాళ్ల పాలసీ ఉందన్న కారణంతో మీ కంపెనీ మీకిచ్చేది తగ్గిస్తే, ఆ తగ్గిన మేరకి ఇంటి ధర తగ్గాలని స్టాండర్డ్ కండిషన్స్‌లో ఉంది. ఇది చాలామందికి తెలీదు, అడగండి. క్లెయిమ్ తిరస్కరిస్తే ముందు కంపెనీకే ఫిర్యాదు. వాళ్ల ఆఖరి జవాబు వచ్చాక, లేదా 8 వారాలు దాటాక, ఇలాంటి ఫిర్యాదులు తేల్చే ఫైనాన్షియల్ ఆంబుడ్స్‌మన్‌కి ఉచితంగా వెళ్లొచ్చు. ఆఖరి జవాబు వచ్చిన 6 నెలల్లోపు వెళ్లాలి.

తాళాలు వచ్చాక కనిపించేవి

కంప్లీషన్ రోజు పొద్దున వీలైతే ఏజెంట్‌తో ఒకసారి చూడండి, సొలిసిటర్ డబ్బు పంపకముందే. డబ్బు మధ్యాహ్నం రెండింటిలోగా చేరాలి కాబట్టి పదింటికే వెళ్లాలి. తాళాలు తీసుకున్నాక సామాను దించకముందే మళ్లీ ఒక వీడియో. లారీవాళ్లు ఎంత తొందరపెట్టినా సరే. లేకపోతే గోడకి పడ్డ గీత మీ సోఫాదే అంటారు.

గ్యారేజీ నిండా చెత్త వదిలేసి వెళ్తే అది కూడా మీరు అడగొచ్చు. 1946 నాటి కంబర్లాండ్ కేసులో సెల్లార్ల నిండా గట్టిపడిన సిమెంట్ బస్తాలు వదిలేయడం ఖాళీ చేసి ఇచ్చినట్టు కాదన్నారు. పాత పరుపు ఒకటి వదిలితే ఆ స్థాయి కాదు, దాన్ని కౌన్సిల్‌కి ఫోన్ చేసి తీయించుకుని రసీదు పంపడమే తేలిక. పెద్దదైతే ఫొటోలు, బిల్లులతో 14 రోజుల గడువిచ్చి ఉత్తరం, తర్వాత స్మాల్ క్లెయిమ్స్ (చిన్న మొత్తాల దావా). 10,000 పౌండ్ల దాకా లాయర్ లేకుండానే ఆన్‌లైన్‌లో వేయొచ్చు.

మీరే అమ్ముతుంటే

కంప్లీషన్ అయిందని సొలిసిటర్ ఫోన్ చేసేదాకా మీ ఇన్సూరెన్స్ ఆపకండి. మధ్యలో కొనేవాళ్లు తప్పుకుంటే పాడైన ఇల్లు మీ మెడకే చుట్టుకుంటుంది. ముందే ఖాళీ చేసి వెళ్తే ఆ సంగతి ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పండి, స్టాప్‌కాక్ కట్టేయండి, కట్టేసినట్టు ఫొటో తీసి ఏజెంట్‌కి పంపండి. స్టాప్‌కాక్ బిగుసుకుపోయి ఉంటే కొంచెం డబ్ల్యూడీ-40 స్ప్రే కొట్టి అప్పుడప్పుడూ తిప్పుతూ ఉండండి. మా కొత్తింట్లో నేను మొదట చేసిన పని అదే.